ముందు కాగితం పెట్టండి, ఆ తర్వాతే సభ

పోడు పట్టా కోసం మీ ఇంట్లో ఎన్ని కాగితాలు వెతికారో ఎప్పుడైనా లెక్కపెట్టావా? ఆధార్, రేషన్ కార్డు, కులం సర్టిఫికెట్, తాత పేరున్న ఓటరు లిస్టు పేజీ, ఎప్పుడో ఫారెస్టోళ్లు జరిమానా రాసిచ్చిన చీటీ. అటవీ హక్కుల చట్టం నియమాలు రెండు రకాల సాక్ష్యం చాలన్నాయి. ఊరి పెద్దలు చెప్పింది రాసుకుంటే అదీ సాక్ష్యమే అన్నాయి. అయినా మనల్ని ఐటీడీఏకి, రేంజి ఆఫీసుకి, తహసీల్దారు దగ్గరికి తిప్పారు. ఒక్క కాగితం తగ్గితే ఫైలు పక్కన పడేశారు. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న చేను మనదని చెప్పుకోవడానికి ఇంత రుజువు కావాల్సి వచ్చింది.

ఇప్పుడు ఇదే ప్రశ్న తిప్పి అడుగు. మీ కొండ, మీ వాగు ఇంకొకరికి రాసిచ్చే ముందు ప్రభుత్వం మీ ఊరికి ఎన్ని కాగితాలు చూపించింది?

ఏజెన్సీలో ఈ ప్రశ్న ఏ ఊళ్లో అడిగినా వచ్చే జవాబు దాదాపు ఒకటే. సర్వే వాళ్లు వచ్చి రాళ్లు పాతాక తెలిసింది. డ్రిల్లింగ్ బండి వచ్చాక తెలిసింది. పేపర్లో పడ్డాక పట్నంలో చదువుకునే పిల్లలు ఫోన్ చేసి చెబితే తెలిసింది. పంప్డ్ స్టోరేజీ కరెంటు ప్రాజెక్టయినా, గనయినా, రిజర్వాయరయినా వరస ఇదే. నిర్ణయం ముందు, సభ తర్వాత, కాగితం చివరికి. చాలాసార్లు కాగితం అసలు రాదు.

అందుకే ఈ వ్యాసం. ప్రాజెక్టు కాగితాలు మన ఊళ్లో, మనకు అర్థమయ్యే భాషలో, సభకు ముందే మన చేతికి రాకపోతే దాన్ని మనం సభగా ఒప్పుకోకూడదు. అనుకూలమా, వ్యతిరేకమా అని అడుగుతారు. రెండూ చెప్పొద్దు. కాగితం ఏదని అడుగు. ఎందుకంటే కాగితం చూడకుండా నువ్వు సభలో కూర్చుంటే నీ మాట వాళ్లకు అక్కర్లేదు, నువ్వు కూర్చున్నావన్నదే కావాలి. పర్యావరణ అనుమతికి జరిపే ప్రజాభిప్రాయ సేకరణలో కోరం అనేదే లేదు. పది మంది వచ్చినా జరిగినట్టే, వెయ్యి మంది వచ్చి అరిచినా జరిగినట్టే. "ప్రజలతో సంప్రదింపులు పూర్తయినవి" అని ఒక లైను రాసుకుని వెళ్లిపోతారు.

ఒక్క కాగితం బయటికొస్తే ఏమవుతుందో నల్లమల చెప్పింది. 2019 మే 22న ఢిల్లీలో కేంద్ర అటవీ శాఖ సలహా కమిటీ కూర్చుంది. అణు ఖనిజాల సంస్థ వాళ్లు అమ్రాబాద్ టైగర్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం అన్వేషిస్తామని అడిగారు. 4,000 బోర్లు వేస్తామన్నారు. అది చెంచుల అడవి. పులి పేరు చెప్పి పెంటలు ఖాళీ చేయమనే అడవి కూడా అదే. పులి ఉన్నచోట చెంచు ఉండకూడదంట, బోరు బండి మాత్రం ఉండొచ్చంట. కమిటీ సూత్రప్రాయంగా సరేనంది. అసలు విషయం ఇంకొకటుంది: ప్రతిపాదనకు కావాల్సిన కాగితాలన్నీ సక్రమంగా అందలేదు. అందలేదని గుర్తించి కూడా, అవి తర్వాత పెట్టండి అని ముందుకు పంపారు. రేంజి ఆఫీసులో ఒక్క జిరాక్స్ తగ్గిందని నీ పోడు ఫైలు పక్కన పడేశారే, అదే ప్రభుత్వాలు, అదే అడవి.

ఆ మినిట్స్ ఇంగ్లీషులో, ఢిల్లీ వెబ్‌సైటులో పెట్టారు. పెంటలో సిగ్నల్ వస్తుందో రాదో నేను నీకు చెప్పక్కర్లేదు. కానీ పెట్టారు కాబట్టి ఎవరో చదివారు. చదివిన వాళ్లు బయటపెట్టారు. పత్రికలకెక్కింది, ఊళ్లు కదిలాయి, విద్యార్థులు, రైతులు, సినిమావాళ్లు కూడా మాట్లాడారు. సెప్టెంబర్ నాటికి తెలంగాణ అసెంబ్లీ నల్లమలలో యురేనియం వద్దని తీర్మానం చేయక తప్పలేదు. ఉద్యమం గొప్పదే. కానీ ఆ ఉద్యమానికి నిప్పు అంటించింది మినిట్స్‌లోని కొన్ని లైన్లు. అవి దొరక్కపోయి ఉంటే ముందు బోర్లు పడేవి, తర్వాత మనం మేల్కొనేవాళ్లం.

ఆ పాఠం మనకన్నా వాళ్లే బాగా నేర్చుకున్నట్టున్నారు. 2025 సెప్టెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక మెమో ఇచ్చింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనుల ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు, ఢిల్లీలోనే పరిశీలించేస్తాం అని. చట్టం కాదు, పార్లమెంటులో చర్చ కాదు, ఒక ఆఫీసు మెమో. అంటే ఇకముందు యురేనియం గని వస్తే కుర్చీలు, షామియానా, పోలీసు బందోబస్తు, ఆ నాటకం కూడా ఉండదు. సభే లేనప్పుడు మనకు మిగిలేది కాగితం ఒక్కటే. అందుకే ఇప్పుడు దాని కోసం గట్టిగా కొట్లాడాలి.

కాగితం చూపించడం అధికారి దయ అనుకుంటాం కదా. చేతులు కట్టుకుని "సార్, కొంచెం చూపిస్తారా" అంటాం. అక్కడే మోసపోతున్నాం. 2005 సమాచార హక్కు చట్టం అంటే పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకోవడం అని మనకు ఎవరో నేర్పారు. ఆ చట్టంలో 6వ సెక్షన్ కన్నా ముందు 4వ సెక్షన్ ఉంది. ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు తయారుచేసేటప్పుడు, నిర్ణయాలు ప్రకటించేటప్పుడు, వాటికి సంబంధించిన వాస్తవాలన్నీ ఎవరూ అడక్కుండానే ప్రచురించాలని అది చెబుతుంది. ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో కారణాలు బాధితులకు చెప్పాలంటుంది. అడగాల్సింది నువ్వు కాదు, చెప్పాల్సింది వాళ్లు. ఎలా చెప్పాలో కూడా రాసి ఉంది: నోటీసు బోర్డులు, పత్రికలు, బహిరంగ ప్రకటనలు, ఇంటర్నెట్, ఇంకే దారి అయినా. స్థానిక భాషను, ఆ ప్రాంతంలో బాగా పనిచేసే పద్ధతిని దృష్టిలో పెట్టుకోవాలని కూడా ఉంది. వెబ్‌సైటులో పెట్టాం పో అని చేతులు దులుపుకుంటే చట్టం పాటించినట్టు కాదు.

పర్యావరణ నోటిఫికేషన్ ఇంకా స్పష్టంగా చెప్పింది. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ముసాయిదా నివేదిక కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్తులో, పరిశ్రమల కేంద్రంలో, సంబంధిత స్థానిక సంస్థల్లో జనానికి అందుబాటులో ఉండాలి. పేపర్లు రాని ఊళ్లలో డప్పు కొట్టించి అయినా చెప్పాలి. అవును, డప్పు కొట్టించాలని కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్‌లోనే ఉంది. సంక్షేమ పథకం శిబిరానికి ఊరూరా చాటింపు వేయించగలరు, దీనికి మాత్రం ఇంగ్లీషు పేపర్లో చిన్న ప్రకటన సరిపోతుందా?

ఇంకోటి కూడా గుర్తుపెట్టుకో, ఇది చాలామందికి తెలియదు. సభ అయిపోయాక అక్కడికక్కడే మినిట్స్ జనానికి స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఆ తర్వాతే, అదే రోజు, కలెక్టర్ సంతకం పెట్టాలి. చదివి వినిపించకుండా కార్లెక్కుతుంటే అడ్డంగా నిలబడి అడిగే హక్కు నీకుంది. "సార్, ఏం రాసుకున్నారో చదవండి."

భాష దగ్గరికొద్దాం. అసలు దొంగతనం ఇక్కడే జరుగుతోంది. వందల పేజీల నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులో వచ్చేది సారాంశం మాత్రమే. ఆ తెలుగు చదివి అర్థం చేసుకున్న తెలుగు మాస్టారు ఎవరైనా ఉంటే నాకు చూపించు. పోనీ తెలుగు బాగానే ఉందనుకుందాం. మన అవ్వకి తెలుగు వచ్చా? కోయలో, కువిలో, సవరలో, గోండిలో, కొలామీలో, ఆదివాసీ ఒరియాలో బతికే ఊళ్లకు తెలుగు కూడా సంత భాషే, ఆఫీసు భాషే.

2020లో కేంద్రం పర్యావరణ నోటిఫికేషన్‌కు కొత్త ముసాయిదా తెచ్చినప్పుడు ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఒక తీర్పిచ్చింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లోకి దాన్ని అనువదించాలని, 10 రోజుల్లో చేయాలని. కేంద్రం ఏం చేసింది? అనువాదం చేయించే బదులు సుప్రీంకోర్టుకు వెళ్లింది. జనానికి అర్థమయ్యేలా చెప్పమంటే అప్పీలుకు వెళ్లిన ప్రభుత్వం అది. మనం దీంట్లో ఇంకోటి కూడా చూడాలి. ఆ తీర్పు పూర్తిగా అమలైనా మన ఊళ్లకు ఒరిగేది తక్కువే. ఆ 22 భాషల్లో ఆదివాసుల భాషలు సంతాలీ, బోడో రెండే. మన కోయ లేదు, గోండి లేదు, కువి లేదు. అదే సమాచార హక్కు చట్టంలో "స్థానిక భాష" అని మాత్రమే ఉంది, షెడ్యూల్ భాష అని లేదు. ఆ మాట పట్టుకోవాలి.

"మీ భాషలకు లిపి లేదు, మేమెలా రాయాలి" అంటారు. అబద్ధం. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి బడిపిల్లల కోసం కోయ, గోండి, కొలామీ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా అని ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారుచేసింది ఈ ప్రభుత్వమే. ఒకటో తరగతి పిల్లాడికి కోయలో పాఠం రాయగలిగిన ప్రభుత్వం, మీ ఊరు మునుగుతుందని కోయలో రాయలేదా? రాయడం కుదరకపోతే మైకులో చెప్పొచ్చు. ఒక గంట ఆడియో రికార్డు చేసి సంతలో వినిపించొచ్చు. చేతకాక కాదు, అర్థమైతే అడుగుతామని.

ఇక సంతకాల సంగతి. మధ్యప్రదేశ్‌లో సింగ్రౌలి జిల్లా, అమేలియా అనే ఊరు. మహాన్ అడవిలో బొగ్గు గని కోసం 2013 మార్చి 6న అక్కడ గ్రామసభ పెట్టారు. సభకు వచ్చింది 184 మంది. తీర్మానం మీద సంతకాలు, వేలిముద్రలు 1,125. ఊరివాళ్లు సమాచార హక్కు కింద ఆ తీర్మానం కాపీ తెప్పించుకుని చూస్తే, చచ్చిపోయి ఏళ్లయిన వాళ్లు కూడా గనికి ఒప్పుకుని సంతకం పెట్టి ఉన్నారు. సభకే రాని వాళ్ల పేర్లున్నాయి. ఒక్క నిమిషం ఆగి ఆలోచించు. ఆ కాపీ చేతికి రాకపోతే ఆ ఊరు ఏం చెప్పినా ఎవరు నమ్మేవారు? "మీరే ఒప్పుకున్నారు కదా, ఇదిగో తీర్మానం" అని మొహం మీద కొట్టేవారు. ఆ గని చివరికి రద్దయింది. నిజం చెప్పాలంటే రద్దయింది దొంగ సంతకాల వల్ల కాదు, 2014లో సుప్రీంకోర్టు బొగ్గు బ్లాకుల కేటాయింపులనే కొట్టేయడం వల్ల. కానీ అప్పటిదాకా ఊరు నిలబడగలిగింది ఆ కాపీ చేతిలో పెట్టుకునే.

నియమగిరి గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. 2013లో 12 గ్రామసభలు, పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. అయితే అక్కడ సుప్రీంకోర్టు చెబితే జిల్లా జడ్జి స్థాయి అధికారి వచ్చి సభలో కూర్చుని చూశాడు. మన ఊరి గ్రామసభకు ఏ జడ్జీ రాడు. మనకు సాక్షి ఆ తీర్మానం పుస్తకమే. ఆ పుస్తకం ఎవరి బీరువాలో ఉందో, అందులో ఏ పేజీ ఖాళీగా ఉందో నీకు తెలుసా? ఖాళీ పేజీ మీద ముందే సంతకాలు తీసుకోవడం మన పంచాయతీల్లో కొత్తేం కాదు. పింఛను కోసమనో, ఉపాధి హామీ కోసమనో పెట్టిన సంతకం రేపు ఏ తీర్మానం కింద తేలుతుందో ఎవరికి తెలుసు?

ఇప్పుడు అమేలియా లాంటి ఊరు అలాంటి కాపీ అడిగితే ఏమవుతుంది? ఇది అసలైన భయం. సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) అనే క్లాజు ఉంది. వ్యక్తిగత సమాచారాన్ని ఇవ్వకపోవచ్చు అనేది దాని సారం. కానీ పాత క్లాజులో షరతులుండేవి: ప్రజా వ్యవహారంతో సంబంధం లేనిదైతేనే ఆపాలి, ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలి. 2023లో డేటా రక్షణ చట్టం పేరుతో ఆ షరతులన్నీ కోసేశారు. "వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది" అయితే చాలు, ఆపొచ్చు. 2025 నవంబర్‌లో అమల్లోకి కూడా తెచ్చారు. రేపు నువ్వు గ్రామసభ తీర్మానం మీద ఎవరెవరు సంతకం పెట్టారో కాపీ ఇవ్వమంటే, "పేర్లు, వేలిముద్రలు వ్యక్తిగత సమాచారం, ఇవ్వం" అని రాసి పంపడానికి అధికారికి దారి దొరికింది. పరిహారం జాబితా అడిగినా అంతే. ఎవరి పేరు కొట్టేశారు, ఎవరి దొంగ పేరు ఎక్కించారు, ఏదీ తెలియదు. మన వివరాల రక్షణ పేరుతో మన పేర్లనే మన నుంచి దాచే ఏర్పాటు ఇది.

అయినా తలుపు పూర్తిగా మూసుకోలేదు. 8(2) అలాగే ఉంది. దాచడం వల్ల కాపాడే దానికన్నా వెల్లడిలో ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని అది చెబుతుంది. దరఖాస్తులోనే ఆ సెక్షన్ పేరు రాయి. ఇంకో మాట కూడా రాయి: గ్రామసభ అంటే ఊరంతా. నేను దాంట్లో సభ్యుణ్ణి. సభ తీర్మానం సభ్యులకు రహస్యం ఎలా అవుతుంది?

పోలవరం గురించి ఎంత రాసినా తక్కువే కానీ ఇక్కడ రెండు ముక్కలు చాలు. 2005 అక్టోబర్ 10న ఐదు జిల్లాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. అక్టోబర్ 25న పర్యావరణ అనుమతి వచ్చేసింది. పదిహేను రోజులు. మన వాళ్లు చెప్పింది చదవడానికైనా ఆ టైం సరిపోదు. ముంపు ఉన్న ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఊళ్లలో సభే పెట్టలేదని 2007 డిసెంబర్‌లో అప్పీలేట్ అథారిటీ ఆ అనుమతిని కొట్టేస్తే, హైకోర్టు స్టేతో పని సాగింది. ఇక రెండోది కాంటూరు లెక్క. 41.15 మీటర్ల గీత కింద ఉంటే మొదటి దశ, పైన 45.72 దాకా రెండో దశ. ఏ ఊరు గీతకు ఏ పక్కన పడిందో తేల్చింది మ్యాపు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటినప్పుడు గీతకు పైన ఉన్నాయన్న ఊళ్లు కూడా మునిగాయి. గోదారికి దశలు తెలియవు కదా. ఆ మ్యాపు ముందే ఊరి మధ్యన పరిచి, ముసలాళ్లను కూర్చోబెట్టి అడిగి ఉంటే, ఏ వరదకి నీళ్లు ఏ చింతచెట్టు దాకా వచ్చాయో వాళ్లే గీత గీసి చూపించేవాళ్లు. కాగితం చూపించడమంటే మనకు చెప్పడం మాత్రమే కాదు, మన దగ్గర వినడం కూడా. దానికే వాళ్లు సిద్ధంగా లేరు.

చట్టం మన పక్కన లేదని అనుకోవద్దు. 2013 భూసేకరణ చట్టంలో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలని ఉంది. సామాజిక ప్రభావ నివేదిక స్థానిక భాషలో పంచాయతీకి ఇవ్వాలని ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో తెచ్చిన పెసా నియమాలు భూసేకరణ సంప్రదింపులను గ్రామసభకు కాకుండా మండల పరిషత్తుకు కట్టబెట్టాయి. అది మన పాత గొడవ, అది తేలేదాకా వదిలేది లేదు. కానీ అవే నియమాలు ప్రాజెక్టు పూర్తి స్వరూపం ఏంటి, ప్రభావం ఏంటి, ఎంత భూమి, కొత్తగా ఎవరొచ్చి ఉంటారు, పరిహారం ఎంత, ఉద్యోగాలెన్ని అన్నది ముందే రాసి ఇవ్వాలన్నాయి. ఇన్నేళ్లలో మీ మండలంలో అలా రాసిచ్చిన కాగితం ఒక్కటైనా ఉందా అని మీ ఎంపీటీసీని అడుగు. ఊరికే అడుగు, మొహం చూడు.

జీవోల సంగతీ ఇంతే. ఆంధ్రాలో 2021 ఆగస్టులో జీవోలను వెబ్‌సైటులో పెట్టడమే ఆపేశారు. మళ్లీ 2024లో ప్రభుత్వం మారాక మొదలైంది. తెలంగాణలో జీవోలు 24 గంటల్లో పెట్టమని 2021లో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. అక్కడే సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా ఒక్క కమిషనరూ లేకుండానే గడిచింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు పారదర్శకత అంటారు, గద్దెనెక్కాక బీరువా తాళం వెతుక్కుంటారు. ఏ జెండా అయినా ఒకటే.

మనలో కొందరి మాట కూడా వినాలి. "కాగితాలు వాళ్ల ఆట. మన హక్కు కాగితం మీద పుట్టలేదు. కొమరం భీం ఏ దరఖాస్తు పెట్టాడు?" అంటారు. హక్కు కాగితం మీద పుట్టలేదన్నది నిజం. కానీ హక్కు పోతున్నది మాత్రం కాగితం మీదే. సర్వే నంబరు, లీజు, నోటిఫికేషన్, తీర్మానం, ఒక్కొక్క సంతకంతో పోతోంది. 1997లో సమత తీర్పు అనంతగిరి కొండల్ని కాపాడిందంటే ప్రభుత్వం ప్రైవేటు వాళ్లకు ఇచ్చిన లీజుల్ని 1/70 ముందు పెట్టి నిలదీయబట్టే. అసలు సమాచార హక్కు కోసం దేశంలో కొట్లాడిందెవరు? రాజస్థాన్‌లో కూలిపనికి పోయే పేదలు. తమ మస్టర్ రోల్ తమకు చూపించమని 1996లో బ్యావర్‌లో 40 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. అది చదువుకున్నోళ్ల ఆట అయితే ఎప్పుడూ కాదు.

ఇంకో భయం ఉంది, దాన్ని తీసిపారేయను. ఏజెన్సీలో ఒంటరిగా ఒక కుర్రాడు కాగితం అడిగితే, "ఎవడ్రా నీ వెనకాల" అంటారు. స్టేషన్ నుంచి ఫోనొస్తుంది. అందుకే ఒక్కడివే వెళ్లకు. సమాచార హక్కు పౌరులకు ఇచ్చింది, సంఘం పేరుతో పెడితే తిప్పిపంపే సాకు దొరుకుతుంది. కాబట్టి పది మంది పది దరఖాస్తులు, ఎవరి పేరు మీద వాళ్లు, ఒకే రోజు పెట్టండి. ఐదుగురు ఆడవాళ్లయితే ఇంకా మంచిది. రాయడం రాని వాళ్లు నోటితో చెబితే రాసిపెట్టాల్సిన బాధ్యత ఆ ఆఫీసు సమాచార అధికారిదే, చట్టంలో ఉంది. మీ అమ్మని తీసుకెళ్లు, ఆమె చెబుతుంది, ఆయన రాస్తాడు. ఎందుకు కావాలని అడిగితే చెప్పక్కర్లేదు. ఊరి స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, పైన 10. దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్లకు ఏ ఫీజూ లేదు. ఫైలు అక్కడే కూర్చుని చూసుకునే హక్కు కూడా ఉంది, మొదటి గంట ఉచితం. కాపీ ఇవ్వడానికి నెల తిప్పుతారు కానీ, నలుగురు వెళ్లి ఫైలు చూపించమని బెంచీ మీద కూర్చుంటే లోపల కదలిక వేరుగా ఉంటుంది.

పట్నంలో ఉన్న మద్దతుదారులకు ఒక మాట. మీరు ప్రకటనలు రాస్తారు, సభలు పెడతారు, సంతోషం. మీ సంస్థల కంప్యూటర్లలో మా ఊళ్ల నివేదికలు పీడీఎఫ్‌లుగా పడి ఉన్నాయి. వాటి మీద ఇంగ్లీషులో వ్యాసాలు వస్తాయి, మా ఊరికి మాత్రం ఒక్క పేజీ రాదు. మమ్మల్ని అడక్కుండా నిర్ణయించడం ప్రభుత్వం చేస్తే తప్పు, మాకు చూపించకుండా విశ్లేషించడం మీరు చేస్తే ఒప్పా? తెలుగులోకి మార్చి పంపండి, కోయలోకి, కువిలోకి మేం మార్చుకుంటాం. తమ్ముడూ, చెల్లీ, నీకూ అదే మాట. గ్రూపులో పీడీఎఫ్ ఫార్వర్డ్ చేసి చేతులు జోడించిన బొమ్మ పెడితే పనైపోదు. రోజుకి నాలుగు పేజీలు చదువు. రాత్రి రచ్చబండ దగ్గర మన మాటలో చెప్పు. ఊరి పేర్లు, వాగుల పేర్లు, సర్వే నంబర్లు ఉన్నచోట గీత గీసిపెట్టుకో. ఉన్న వాగును లేదని రాసిన పేజీ, ఉన్న గూడేన్ని ఖాళీ భూమని రాసిన పేజీ తప్పకుండా దొరుకుతుంది. అది నువ్వే కనిపెట్టగలవు. ఢిల్లీ నిపుణుడికి మీ వాగు పేరు కూడా తెలియదు.

దరఖాస్తు ఇలా రాయొచ్చు, మీ ఊరి పేరు పెట్టుకుని వాడుకోండి:

"సమాచార అధికారి గారికి. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) ప్రకారం అడుగుతున్నాను. మా పంచాయతీ పరిధిలో ప్రతిపాదించిన ప్రాజెక్టు పూర్తి నివేదిక, ముంపు లేదా లీజు హద్దులు చూపే మ్యాపు, సర్వే నంబర్ల జాబితా, దీనిపై జరిగిందంటున్న ప్రతి గ్రామసభ నోటీసు, హాజరు పట్టీ, సంతకాలతో సహా తీర్మానం కాపీ, ఆ సభలకు ముందు గ్రామస్తులకు ఏ భాషలో ఏ కాగితాలు ఇచ్చారో ఆ రికార్డు ఇవ్వగలరు. సెక్షన్ 4(1)(సి), 4(1)(డి) ప్రకారం ఇవి మీరే వెల్లడించాల్సినవి. నేను ఈ గ్రామసభ సభ్యుణ్ణి/సభ్యురాలిని. ఇందులో వ్యక్తిగత సమాచారం ఉందని మీరు భావిస్తే సెక్షన్ 8(2) కింద ప్రజా ప్రయోజనాన్ని పరిశీలించి, మీ నిర్ణయానికి కారణాలు రాతపూర్వకంగా తెలపగలరు. ఈ సమాచారం మీ దగ్గర లేకపోతే సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో సంబంధిత కార్యాలయానికి పంపి నాకు తెలియజేయగలరు. ఫైలు స్వయంగా చూసేందుకు తేదీ, సమయం కూడా తెలుపగలరు."

రెండు కాపీలు రాయి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, సంతకం, తేదీ వేయించుకో. తీసుకోం అంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపు, రసీదు దాచు. ఆ దరఖాస్తు వాళ్లకు అందిన రోజు నుంచి 30 రోజులు లెక్కపెట్టు. జవాబు రాకపోతే ఆ పై 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు. గడువు దాటాక ఇచ్చే కాపీలకు డబ్బులు కట్టక్కర్లేదు. ఈ లోపు మీ ఊళ్లో సభ అని ఎవరైనా కుర్చీలు వేస్తే, ముద్ర పడిన ఆ కాపీ పట్టుకెళ్లి మైకులో చదివి వినిపించు, దాన్నే మినిట్స్‌లో రాయించు.